మలుపులో తడబడని ఇంజను

లోటస్ సెవెన్ తరహా కారు పొడవాటి మలుపులో వేగంగా తిరుగుతుండగా ఇంజను ఒక్క క్షణం తడబడి మళ్లీ అందుకుందంటే, చాలామంది ముందు ప్లగ్గుల్నీ వైరింగునీ అనుమానిస్తారు. తప్పు తరచుగా సీట్ల వెనక ట్యాంకులో ఉంటుంది. సగానికి తగ్గిన పెట్రోలంతా మలుపు విసురుకు ఓ పక్కకు ఒరిగిపోతుంది. పంపుకు వెళ్లే గొట్టం మూతి గాల్లో తేలుతుంది. పంపు ఆ గాలినే లాగి ఇంజనుకు పంపుతుంది. బావి మీది మోటారుకు సక్షన్ పైపులో గాలి పడితే నీళ్లు ఎత్తలేక ఉత్తినే తిరుగుతుందని మన రైతులందరికీ తెలుసు, ఇదీ అదే.

కార్బొరేటరు ఉన్న కారు ఇలాంటి లోపాన్ని చాలావరకు కాచుకుంటుంది. దాని గిన్నెలో కొన్ని సెకన్లకు సరిపడా పెట్రోలు ఎప్పుడూ నిలవ ఉంటుంది. ఇంజెక్షన్ ఇంజనుకు ఆ గిన్నె లేదు. ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే రెయిల్లోకి గాలి వచ్చిందంటే మరుక్షణం ఇంజెక్టర్లు చల్లేది గాలి కలిసిన పెట్రోలే. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు తగ్గితే లోపలి మంట వేడెక్కి పిస్టన్లకే ఎసరు వస్తుంది. అందుకే విడిభాగాలతో ఇంట్లో కట్టుకునే కిట్ కారులో ఇంజెక్షన్ పెట్టేవారు ఇంజను కంటే ముందు పెట్రోలు వచ్చే దారి గురించి ఆలోచించాలంటాను.

సొంత షెడ్డులో కారు కట్టుకునే సంప్రదాయం బ్రిటన్‌లో బాగా వేళ్లూనుకుంది. కోలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్‌ను విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే, అప్పట్లో కొత్త కార్ల మీద ఉన్న పర్చేజ్ టాక్స్ కట్టక్కర్లేదు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. సెవెన్ తయారీ హక్కులు కేటర్‌హామ్ కార్స్ చేతికి వచ్చిందీ ఆ ఏడే. పన్ను లాభం పోయినా అలవాటు పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఉపాధ్యాయుడు 250 పౌండ్లలోనే స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చంటూ ఒక పుస్తకం రాశాడు. చదరపు ఇనుప గొట్టాలు కోసి వెల్డింగ్ చేసి ఛాసీ కట్టడం, పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను విప్పి ఇంజను, యాక్సిల్ తీసుకోవడం అందులో ఉంది. ‘లోకాస్ట్’ పేరుతో ఆ కార్లు ఎన్నో షెడ్లలో తయారయ్యాయి.

తర్వాత్తర్వాత తుక్కుకు వచ్చే పాత కార్లలో కార్బొరేటరు ఇంజన్లు కరవయ్యాయి. 1993 నుంచి యూరప్‌లో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి కావడంతో ఇంజెక్షన్ మామూలైపోయింది. ఫోర్డ్ జెటెక్ లాంటి మంచి ఇంజను చౌకగా దొరుకుతుంది, దానితో పాటు ఇంజెక్టర్లూ రెయిలూ వస్తాయి. రానిది దాని ట్యాంకు. ఫ్యాక్టరీ కారు ట్యాంకులో పంపు, దాని చుట్టూ పెట్రోలు చెదిరిపోకుండా పట్టి ఉంచే చిన్న తొట్టి ముందే అమర్చి ఉంటాయి. కిట్ కారు ట్యాంకు చాలావరకు వట్టి రేకు పెట్టె.

ఆ లోటు తీర్చడానికి పెట్టేదే స్విర్ల్ పాట్. లీటరు, లీటరున్నర పట్టే నిలువు డబ్బా అది. తక్కువ ప్రెజర్ పంపు ఒకటి ట్యాంకులోంచి పెట్రోలు తోడి ఈ డబ్బా పైభాగంలో పోస్తుంది. గొట్టం డబ్బా గోడను ఒరుసుకుంటూ లోపలికి దిగుతుంది కాబట్టి పెట్రోలు సుడి తిరుగుతూ కిందికి జారుతుంది, గాలి బుడగలు మధ్యకు చేరి పైకి తేలతాయి. నెత్తిన ఉన్న మరో గొట్టం ఆ బుడగల్నీ మిగిలిన పెట్రోలునూ తిరిగి ట్యాంకుకు చేరుస్తుంది. డబ్బా అడుగు నుంచి, గాలి తగలని పెట్రోలు హై ప్రెజర్ పంపుకు దిగుతుంది. ఆ పంపు నెట్టడంలో ఘనాపాటి, లాగడంలో దుర్బలం. అందుకే దాన్ని డబ్బా కంటే కింద బిగించాలి. అది లాగే వైపు సన్న ఫిల్టరు ఎప్పుడూ పెట్టకూడదు, అక్కడ ముతక జల్లెడ చాలు. సన్న ఫిల్టరు పంపు దాటాకే.

ఇంజను వాడగా మిగిలిన పెట్రోలు రెయిలు చివరి నుంచి వెనక్కి వస్తుంది. దాన్ని ఎక్కడ పోయాలి? చూడ్డానికి చిన్న ప్రశ్న, నా లెక్కలో మొత్తం ఏర్పాటుకు ఇదే కీలకం. 150 హార్స్‌పవర్ ఇంజను ఫుల్ థ్రాటిల్‌లో గంటకు సుమారు 45 లీటర్లు తాగుతుంది. హై ప్రెజర్ పంపు ఇంజను అవసరంతో పని లేకుండా గంటకు 120 లీటర్లు నెడుతూనే ఉంటుందనుకుందాం. డబ్బా నింపే చిన్న పంపు ఇచ్చేది 100 లీటర్లు. మిగులును డబ్బాలోకే మళ్లిస్తే డబ్బాకు అసలు ఖర్చు ఆ 45 లీటర్లే, చిన్న పంపు దాన్ని సునాయాసంగా భర్తీ చేస్తుంది. మలుపులో చిన్న పంపు గాలి మింగినా లీటరు డబ్బా 80 సెకన్ల దాకా ఆదుకుంటుంది. అంతసేపు సాగే మలుపు ఏ రోడ్డు మీదా ఉండదు. అదే మిగులును నేరుగా ట్యాంకుకు పంపితే లెక్క తలకిందులవుతుంది. డబ్బాలోంచి పోయేది 120, వచ్చేది 100. నిండు డబ్బా మూడు నిమిషాల్లో వట్టిపోతుంది. కారు కదలకుండా ఐడ్లింగ్‌లో ఉన్నా సరే. మంచి పంపులు కొని, శుభ్రంగా పైపులు వేసి, ఈ ఒక్క గొట్టాన్ని తప్పు చోట కలిపితే పడ్డ శ్రమంతా వృథా.

రెయిల్లో ప్రెజర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ దాని చివర, ఇంజెక్టర్లన్నీ దాటాక ఉంటుంది. లోపల ఒక పొర, దాన్ని నొక్కిపట్టే స్ప్రింగు. చాలా ఇంజన్లకు 3 బార్ ప్రెజర్. ఇంజనును నడిపే కంప్యూటరు ఇంజెక్టర్‌ను ఇన్ని మిల్లీసెకన్లు తెరవాలని మాత్రమే ఆదేశిస్తుంది, ఎంత పెట్రోలు పడుతుందన్నది ఇంజెక్టర్‌కు ఇటూ అటూ ఉన్న ప్రెజర్ తేడాను బట్టి ఉంటుంది. ఆ తేడా మారకుండా ఉండాలనే రెగ్యులేటర్ నుంచి ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు ఓ సన్న గొట్టం కలుపుతారు. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది కాబట్టి గేజి రెండున్నర బార్ దగ్గర నిలుస్తుంది. ఆ గొట్టం ఊడదీసి వేలితో మూస్తే ముల్లు 3కు ఎక్కాలి. ఎక్కితే రెగ్యులేటర్ బాగున్నట్టే.

గొట్టాల దగ్గర పొదుపు పనికిరాదు. కార్బొరేటరుకు బార్‌లో అయిదో వంతు చాలు, ఇక్కడ దానికి పదిహేను రెట్లు. ఇంజెక్షన్‌కు పనికొచ్చే రబ్బరు గొట్టం మీద ఆర్9 అని అచ్చు ఉంటుంది, అది చూసే కొనాలి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్ బంకుల్లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. పాతరకం రబ్బరు దానికి మెత్తబడి పగుళ్లిస్తుంది. క్లిప్పు కూడా పట్టీకి గాట్లు లేని, రబ్బరును కోయని రకం కావాలి. గొట్టం ఎక్కే లోహపు పైపు చివర ఉబ్బెత్తు అంచు లేకపోతే ఎంత బిగించినా ఆ ప్రెజర్‌కు ఏదో రోజు జారిపోతుంది. పైపును సైలెన్సరుకు దూరంగా తీసుకెళ్లి, రేకు దాటే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్ వేయాలి.

పంపులకు కరెంటు రిలే ద్వారా ఇస్తారు. కీ తిప్పగానే కంప్యూటరు రెండు సెకన్లు పంపు నడిపి ఆపేస్తుంది, ఇంజను తిరుగుతోందన్న సంకేతం అందితేనే మళ్లీ నడుపుతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక మన స్కూటర్లలోనూ కీ తిప్పగానే సీటు కింద సన్నగా ‘జుయ్’ అని వినిపించేది ఇదే. ఫోర్డ్ కార్లలో గుద్దుకుంటే పంపు ఆపేసే ఇనర్షియా స్విచ్ ఉంటుంది. పాత కారు విప్పేటప్పుడు దాన్ని తప్పకుండా తీసి దాచాలి. కొత్త కారులో గట్టి గోడకు నిటారుగా బిగించి, రెండు పంపులూ దానితోనే ఆగేలా వైరు చేయాలి. ప్రాణం నిలబెట్టే వస్తువు అది.

మొదటిసారి ప్రెజర్ ఎక్కించేది ఆరుబయట, మంటలార్పే సిలిండరు పక్కన పెట్టుకునే. ఇంజెక్టర్ల, కాయిల్ కరెంటు కనెక్టర్లు తీసేసి కీని పదే పదే తిప్పి ఆపాలి. గేజి నిలదొక్కుకున్నాక ప్రతి జాయింటు చుట్టూ తెల్ల టిష్యూ కాగితం తిప్పి చూడాలి. కంటికి కనపడని చెమ్మ కాగితం మీద మరకై తేలుతుంది. ఏ జాయింటునైనా మళ్లీ విప్పాలంటే ముందు పంపు ఫ్యూజు తీసి, గుడ్డ చుట్టి, ప్రెజర్ మెల్లగా దించుకోవాలి.

ఇలా కట్టిన కారును బ్రిటన్‌లో ప్రభుత్వ పరీక్షకుడు విడిగా పరీక్షించాకే రోడ్డెక్కనిస్తారు. పెట్రోలు పైపులు ఎలా పోయాయి, ఎక్కడ బిగించారు అన్నది ఆ పరీక్షలో భాగం. నాకు ఈ సంప్రదాయం మీద గౌరవం అక్కడే. కారు కట్టినవారు తరగతి గదిలో చదివిన ఇంజనీర్లు కాకపోవచ్చు, కానీ ఒక్కో గొట్టం ఎందుకు ఆ దారినే పోయిందో చెప్పగలరు.

మన దగ్గర ఆ చదువు ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదలవుతోంది. ఫార్ములా భారత్ పోటీకి మోటార్‌సైకిల్ ఇంజనుతో రేసు కారు కట్టే విద్యార్థులు ట్యాంకు కూడా తామే చేసుకుంటారు. కారును పక్కకు బాగా వంచి చూసే పరీక్షలో చుక్క కారినా ట్రాక్ మీదికి పంపరు. ఆ ట్యాంకు గీసేటప్పుడే లోపల అడ్డురేకులు ఎక్కడ, గొట్టం మూతి ఎక్కడ, మిగులు పెట్రోలు తిరిగొచ్చి ఎక్కడ పడాలి అన్నవి కాగితం మీద తేల్చుకోవాలి. వెల్డింగ్ అయ్యాక ట్యాంకులో చేయి పెట్టే వీలుండదు.