ఘట్‌కేసర్‌లో కిరాయి, తిరుమలగిరిలో డ్యూటీ

సైనిక కుటుంబం ఊరు మారేటప్పుడు ఆ ఊళ్లో బతుకు ఎంత ఖరీదో ముందు చూసుకుని తరువాత పోస్టింగ్ ఒప్పుకునే వీలుండదు. ఆర్డర్ వస్తే కదలాల్సిందే. చేతిలో ఉండే ఎంపిక ఒక్కటే: క్వార్టర్ దొరికేదాకా ఏ పేటలో ఉండాలి? సికింద్రాబాద్‌లో ఈఎంఈ సెంటర్, ఏఓసీ సెంటర్ లాంటి పెద్ద సంస్థలున్నాయి, ఏటా వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఎక్కువ. క్వార్టర్ కోసం వరుసలో ఉన్న కుటుంబాలు మొదట తిరుమలగిరి, అల్వాల్, సైనిక్‌పురి చుట్టూ ఇల్లు వెతుకుతాయి. కిరాయి కుదరకపోతే తూర్పు వైపు నాచారం, ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ దాకా వస్తాయి.

రెండు ఊళ్ల ఖర్చులు పోల్చడానికి చాలామంది ధరల సూచీని పట్టుకుంటారు. ఇది పొరపాటు. కేంద్ర లేబర్ బ్యూరో పారిశ్రామిక కార్మికుల కోసం కట్టే వినియోగదారుల ధరల సూచీకి 2016 ధరలు 100. ఒక ఊళ్లో అప్పటి నుంచి ధరలు ఎంత పెరిగాయో ఆ అంకె చెబుతుంది. హైదరాబాద్ సూచీ ఇంకో ఊరి సూచీ కన్నా ఎక్కువగా ఉంటే ఇక్కడ ధరలు వేగంగా పెరిగాయని అర్థం, అంతేగానీ ఇక్కడ బియ్యం, కిరాయి అక్కడికన్నా ప్రియమని కాదు. కరువు భత్యం (డీఏ) లెక్కించేది కూడా ఈ సూచీ అఖిల భారత సగటు మీదే. కాబట్టి జోధ్‌పూర్‌లో ఉన్నా సికింద్రాబాద్‌లో ఉన్నా హవల్దార్‌కు డీఏ శాతం ఒక్కటే.

ఊరిని బట్టి బాగా మారేది ఇంటి అద్దె భత్యం. ఏడో వేతన సంఘం పద్ధతిలో 50 లక్షల జనాభా దాటిన నగరాలు ఎక్స్, 5 లక్షల నుంచి 50 లక్షల దాకా ఉన్నవి వై, మిగతావి జెడ్. హైదరాబాద్ ఎక్స్. డీఏ 50 శాతానికి చేరాక 2024 జనవరి 1 నుంచి ఈ వర్గాలకు భత్యం మూల వేతనంలో 30, 20, 10 శాతం. హవల్దార్ ఆరంభ మూల వేతనం 29,200 రూపాయలు. జెడ్ ఊళ్లో అతనికి అందేది 2,920, హైదరాబాద్‌లో 8,760. ఈ లెక్కలోకి మిలిటరీ సర్వీస్ పే రాదు. క్వార్టర్ దొరికితే భత్యం ఆగిపోతుంది గనుక, ఆ క్వార్టర్ అసలు ఖరీదు నెలకు 8,760 అనుకోవచ్చు.

ఈ లెక్కలో ఘట్‌కేసర్‌కు కలిసొచ్చే సంగతి ఒకటుంది. భత్యం డ్యూటీ చేసే చోటును బట్టి వస్తుంది, కిరాయి కాపురం ఉండే చోటును బట్టి పోతుంది. నగరం అంచున పోర్షన్ తీసుకున్నవాళ్లకు ఆ తేడా మిగులుతుంది. అయితే భత్యాన్ని మూల వేతనానికి ముడిపెట్టడం చిన్న ర్యాంకులకు అన్యాయమే. ఆరంభ వేతనం 21,700 ఉన్న సిపాయికి 6,510 వస్తుంది, ఇద్దరు పిల్లలుంటే అతనికీ సుబేదార్‌కు కావలసినన్ని గదులే కావాలి. అమెరికా సైన్యంలో భత్యం ర్యాంకును, కుటుంబాన్ని చూస్తూనే డ్యూటీ ఉన్న ప్రాంతంలోని అద్దెలను ఏటా సర్వే చేసి కడతారు. మన దగ్గర అద్దె ఎంతుందో ఎవరూ అడగరు, ఊరి జనాభా చూస్తారు.

సామాను ఖర్చు ఒక్కసారిదే, కానీ ఆ నెల ఊపిరాడనివ్వదు. తెల్ల రంగుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసిన నల్ల ఇనప్పెట్టెలు, వాటి మీద కట్టిన పరుపులు, గోనెపట్టా చుట్టిన కూలర్ లారీ దిగేసరికి ఇంటాయనకు అడ్వాన్సు, గ్యాస్, పిల్లల యూనిఫాం ఒక్కసారే కట్టాలి. ఇరవై కిలోమీటర్లు దాటిన బదిలీకి చివరి నెల మూల వేతనంలో 80 శాతం బదిలీ గ్రాంటుగా వస్తుంది, హవల్దార్‌కైతే 23,360. సామాను మోతకు అతనికి 3,000 కిలోల దాకా అర్హత, సిపాయికీ నాయక్‌కూ 1,500. బిల్లు పాసయ్యేదాకా సొంత డబ్బే తిరగాలి కాబట్టి, లెక్కలో రెండు నెలల కిరాయిని చేతిలో ఉంచుకోవడం తప్పనిసరి.

ఇక ప్రయాణం. ఘట్‌కేసర్‌లో మిగిలింది చాలావరకు కరిగేది ఇక్కడే. తిరుమలగిరికి ఏ దారిన పోయినా పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. బైకు లీటరుకు 50 ఇస్తుందనుకుంటే రాకపోకలకు రోజుకో లీటరు. 2024 మార్చి తగ్గింపు తరువాత పెట్రోలు ఢిల్లీలో 94.72 ఉంటే హైదరాబాద్‌లో 107.41 ఉండేది. ఆ ధరకు నెలకు 22 రోజులకు 2,363 రూపాయలు. ఎక్స్ నగరానికి వర్తించే రవాణా భత్యం 3,600, దాని మీద డీఏ. ఇది అందేవాళ్లకు పెట్రోలు గిట్టుతుంది, కానీ వేళ గిట్టదు. పొద్దున్నే పీటీ ఉన్నవాడు చీకటితోనే బయలుదేరాలి. 2024 మార్చి 5న మొదలైన ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ మౌలాలి, సనత్‌నగర్ మీదుగా పోతుంది. సర్వీసులు తక్కువ గనుక డ్యూటీ వేళకు అది కుదిరితేనే లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పల్ మెట్రో ఎక్కాలంటే వరంగల్ రోడ్డు మీద రావాలి. 2018లో మొదలైన ఉప్పల్–నారపల్లి పైవంతెన పనులు ఆ దారిని ఏళ్ల తరబడి నరకం చేశాయి. నాచారంలో కిరాయి కొంత ఎక్కువైనా అది రోజుకు గంటకు పైగా మిగులుస్తుందంటే, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఆ ఎక్కువ కట్టడమే మేలు.

ఇల్లాలి ప్రయాణాన్ని చాలామంది లెక్కలో వేయరు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం, అయితే రాష్ట్ర వాసినని చూపే కార్డు ఉండాలి. శ్రీకాకుళం చిరునామాతో ఆధార్ ఉన్న జవాను భార్య చిరునామా మార్పించుకునేదాకా టికెట్ కొనాల్సిందే. ఇల్లు కుదిరిన వారంలోనే చేయించుకోవలసిన పని ఇది.

చదువు విషయంలో తూర్పు వైపు లోటు లేదు. ఉప్పల్‌లోనూ, ఘట్‌కేసర్ ఎన్ఎఫ్‌సీ నగర్‌లోనూ కేంద్రీయ విద్యాలయాలున్నాయి. సైనికుల పిల్లలకు అక్కడ మొదటి ప్రాధాన్యం, బదిలీల సంఖ్యకూ విలువ ఉంటుంది. విద్యాలయ వికాస్ నిధికి నెలకు 500 రూపాయలు. సీటు దొరక్క ప్రైవేటు బడికి పోతే ఇద్దరు పిల్లల వరకు ఒక్కొక్కరికి నెలకు 2,812.50 చొప్పున విద్యా భత్యం తిరిగొస్తుంది, ఫీజుతో పోలిస్తే అది ఏ మూలకూ చాలదు. అందుకే అడ్వాన్సు ఇచ్చేముందే బడికి వెళ్లి ఆ తరగతిలో ఖాళీ ఉందో లేదో కనుక్కోవాలి.

వైద్యం, క్యాంటీన్ సరుకులు ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకే ఖర్చు గనుక పోలికలో వాటిని వదిలేయవచ్చు. దూరాన్ని మాత్రం వదలకూడదు. మిలిటరీ ఆసుపత్రి తిరుమలగిరిలో ఉంది. రాత్రిపూట పిల్లాడికి జ్వరం కాస్తే ఘట్‌కేసర్‌లో ఉన్నవాళ్లు దగ్గరలోని ప్రైవేటు డాక్టరుకే చూపిస్తారు, ఆ ఫీజు జేబులోంచే. ఎండాకాలంలో బోరు ఎండితే ట్యాంకరు డబ్బు ఎవరిదో ఇల్లు తీసుకునేటప్పుడే ఇంటాయనతో తేల్చుకోవాలి.

జవానుకు ఫీల్డ్ పోస్టింగ్ వస్తే ఈ లెక్క తిరగబడుతుంది. కుటుంబం తాను ఎంచుకున్న చోట ఉండవచ్చు, భత్యం ఆ చోటును బట్టి వస్తుంది. రోజూ డ్యూటీకి పోయే పెట్రోలు ఖర్చు ఉండదు. ఇల్లంతా ఒక్కతే చూసుకునే తల్లికి అప్పుడు కావలసింది నడిచిపోయే దూరంలో బడి, ఆసుపత్రికి నేరుగా పోయే బస్సు, అవసరానికి పలికే పొరుగు. ఏ పేట చవకో ఈ మూడింటిని బట్టి మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.