నగర జీవక్రియ: లెక్కలోకి రాని ఇసుక

'నగర జీవక్రియ' అనే భావనను ఈ భాగంలో విమర్శనాత్మకంగా పరిశీలిద్దాం. 1965లో అమెరికా ఇంజనీరు ఏబెల్ వోల్మన్ దీనికి ప్రాచుర్యం కల్పించారు. పది లక్షల జనాభా గల ఊహా నగరాన్ని తీసుకొని, రోజూ అందులోకి వచ్చే నీరు, ఆహారం, ఇంధనం ఎన్ని టన్నులో, వెలువడే మురుగు, చెత్త, వాయు కాలుష్యకాలు ఎన్ని టన్నులో ఆయన లెక్కకట్టారు. నీరే 6,25,000 టన్నులని తేల్చారు. నగరం కూడా ప్రాణిలాగే తిని విసర్జిస్తుందన్న ఈ దృష్టి పర్యావరణ అధ్యయనానికి ఎంతో మేలు చేసింది.

అయితే ఈ లెక్కలో రెండు లోపాలున్నాయి. మొదటిది, నిర్మాణ సామగ్రి ఇందులో లేదు. ఆహారం ఆ రోజుకే ఖర్చవుతుంది. ఇసుక మాత్రం గోడల్లో దశాబ్దాలు నిలిచిపోతుంది. వెంటనే చెత్తగా బయటికి రాదు కనుక లెక్కకూ రాదు. కానీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022 నివేదిక ప్రకారం, ప్రపంచం ఏటా వాడే ఇసుక, కంకర సుమారు 5,000 కోట్ల టన్నులు.

రెండవది, సామగ్రి నగరంలోకి ప్రవేశించాకే లెక్క మొదలవుతుంది. అది బయలుదేరిన చోటు కనిపించదు. ఆమదాలవలస వైపు నుంచి చూస్తే ఆ చోటు స్పష్టంగా కనిపిస్తుంది. నాగావళి, వంశధార నదుల ఇసుక లారీల్లో విశాఖపట్నం చేరుతుంది. నదిలోని ఇసుక నీటిని పట్టి ఉంచే పొర. వరద వేసే మేటకన్నా ఎక్కువ తవ్వితే నదీగర్భం లోతవుతుంది, ఒడ్డు గ్రామాల బావుల్లో నీటిమట్టం పడిపోతుంది, వంతెనల పునాదులు బయటపడతాయి. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకు 2016లో 5వ స్థానం, 2017లో 3వ స్థానం దక్కాయి. ఆ ర్యాంకులు పారిశుద్ధ్యాన్ని కొలిచాయే తప్ప, నగరం వాడిన ఇసుకను కొలవలేదు.

ఇసుక తవ్వకమే వద్దని దీని అర్థం కాదు. ప్రజలకు ఇళ్లు కావాలి, రీచ్‌లలో కూలీలకు పని కావాలి. కానీ 2024లో రాష్ట్రంలో మళ్లీ వచ్చిన ఉచిత ఇసుక విధానం కొనేవారి భారాన్ని తగ్గించగలదు గాని, నది నష్టాన్ని తగ్గించలేదు. ఏటా పడే మేటను కొలిచి, ఆ మేరకే తవ్వాలి.

అభ్యాసం: మీ ఊళ్లో కడుతున్న ఒక ఇంటికి ఎన్ని లారీల ఇసుక, ఏ నది నుంచి వచ్చిందో తెలుసుకోండి. ఆ ఒడ్డున బావి నీరు పదేళ్లలో ఎంత లోతుకు పోయిందో అక్కడి రైతును అడగండి. ఈ రెండు సమాధానాలనూ ఒకే పట్టికలో రాయండి. వోల్మన్ లెక్కలో లేని వరుస అదే.