కారణాంకాలు ఒక పాఠంలో, గ్రాఫు ఇంకో పాఠంలో

మా గణిత పుస్తకంలో బహుపదుల కారణాంక విభజన ఒకచోట ఉంది. గ్రాఫులు గీయడం చాలా పేజీల తర్వాత ఇంకోచోట ఉంది. ఆ పాఠంలో దీని ఊసు లేదు, ఈ పాఠంలో దాని ఊసు లేదు. పుస్తకం మీద నా ఫిర్యాదు ఇదే.

గ్రాఫు పాఠం ఏం చెప్తుందంటే, ముందు పట్టిక వేయాలి, విలువలు ప్రతిక్షేపించాలి, బిందువులు గుర్తించి నునుపుగా కలపాలి. సరే, ఎక్స్² − ఎక్స్ − 6 తీసుకుందాం. పట్టికలో 0 దగ్గర −6 వస్తుంది, 1 దగ్గర కూడా −6 వస్తుంది. నేను ఆ రెండు చుక్కల్ని స్కేలు పెట్టి కలిపేశాను. గ్రాఫు అడుగు పళ్లెంలాగా చదునుగా వచ్చింది. సారు ఎర్రసిరాతో చుట్టి ఒక మార్కు తీసేశారు. మా బెంచీలో ముగ్గురం అలాగే గీశాం! పట్టికలో ఒక్క లెక్క కూడా తప్పలేదు. మరి తప్పెక్కడ?

అదే బహుపదిని (ఎక్స్ − 3)(ఎక్స్ + 2) అని రాసి చూడండి. గ్రాఫు 3 దగ్గర, −2 దగ్గర అక్షాన్ని ఖండిస్తుందని చూడగానే తెలుస్తుంది. పరావలయం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కాబట్టి శీర్షం ఆ రెంటికీ నడిమధ్యన, అంటే 1/2 దగ్గర ఉండాలి. అక్కడ విలువ (−2.5)(2.5) = −6.25. ఆ కాస్త పావే నా మార్కు తినేసింది. పూర్ణాంకాలతో వేసే పట్టికలో అది ఎన్నటికీ కనబడదు.

పుస్తకమంతా బాగాలేదని అనను. విభజన అభ్యాసంలో లెక్కలు సులువు నుంచి కష్టానికి చక్కగా పోతాయి. పట్టిక కూడా అవసరమే. ఎక్స్² + ఎక్స్ + 1 గ్రాఫు అక్షాన్ని తాకనే తాకదు, అక్కడ మాకు పట్టికే దిక్కు.

కానీ 'సమాన మూలాలు' అని పేరు పెట్టి వదిలేశారే, అది మాత్రం నాకు నచ్చలేదు. మూలాలు సమానమైతే గ్రాఫు ఏం చేస్తుంది? నేను (ఎక్స్ + 1)(ఎక్స్ − 2)² తీసుకుని చూశాను. వర్గం ఎప్పుడూ రుణాత్మకం కాదు. కాబట్టి గుర్తును నిర్ణయించేది (ఎక్స్ + 1) ఒక్కటే. −1 కి ఎడమపక్క రుణం, కుడిపక్క ధనం, అందుకని గ్రాఫు అక్కడ అక్షాన్ని దాటి పైకొస్తుంది. 0 దగ్గర విలువ 4. తర్వాత దిగివచ్చి 2 దగ్గర అక్షాన్ని తాకుతుంది, కానీ దాటదు, మళ్లీ పైకే పోతుంది. ఇంత బొమ్మకు నాకు పట్టికే పట్టలేదు. ఇది తెలిసిన రోజు ఇంటికెళ్లి ఇంకో నాలుగు గీశాను.

ఇదంతా చెప్తే నా స్నేహితుడు, "పరీక్షలో పట్టిక లేకపోతే మార్కులు వేయరు కదరా" అన్నాడు. అదీ నిజమే. అందుకే నేను ఇప్పటికీ పట్టిక వేస్తాను. కాకపోతే ముందు పక్కన పెన్సిలుతో కారణాంకాలు రాసుకుని, 0 కి 1 కి మధ్య ఇంకో గడి కలుపుతున్నాను.