మట్టి తొట్టిలోని చిట్టి తండ్రికి

మంచుపొగ మైదానం మీద మసకతెరలా వాలి, కలకత్తా పార్క్ స్ట్రీట్ దీపతోరణాలు తారలను తలదన్నేలా తళతళలాడే ఈ డిసెంబరు వేళ, వంగదేశం ‘బొడోదిన్’ అని, పెద్దరోజని, ప్రేమగా పిలుచుకునే నీ పుట్టినరోజు వేళ, న్యూ మార్కెట్ ఎర్ర గడియారపు గోపురం నీడలో నిన్ను వెతుక్కుంటూ తిరిగాను. నహూమ్స్ బేకరీ కేకుల కమ్మని పరిమళం ఉంది, కాగితపు నక్షత్రాల కాంతి ఉంది, నువ్వే లేవు. నీ పేరు పెట్టుకున్న ప్లాస్టిక్ ప్రతిబింబమొకటి, అచ్చులోంచి రాలిన అచేతనమొకటి, అట్టపెట్టెలో నిగనిగలాడుతోంది.

మట్టి తొట్టిలోని చిట్టి తండ్రీ, నిన్ను మలచిన వేళ్లేవి?

ఇటలీలోని గ్రేచో అనే కొండపల్లెలో, 1223 క్రిస్మస్ రాత్రి, అస్సీసి ఫ్రాన్సిస్ ఎండుగడ్డి పరచిన తొట్టి పక్కన ఎద్దునూ గాడిదనూ నిలిపి, పేదరికమే పీఠమైన పరమాత్మను పామరుల కన్నుల ముందుంచాడు. తరవాత నేపుల్స్ నగరంలో నువ్వు మృణ్మయ ముఖంతో, గాజుకన్నులతో, పట్టుబట్టల పరివారంతో ‘ప్రెసేపె’ అనే జన్మదృశ్యమై వెలిశావు, శిథిలాలయ స్తంభాల నడుమ శిశువువై నవ్వావు. ఆ బొమ్మల కొండ మీద బెనీనో అనే గొల్లపిల్లవాడొకడు నిద్రపోతుంటాడు. వాణ్ని లేపకూడదంటారు అక్కడివాళ్లు. ఆ తొట్టీ, ఆ తారా, ఆ తల్లీ సమస్తమూ వాడి స్వప్నమేనట. వాడు కన్ను తెరిస్తే అంతా మాయమట. కలకత్తాలో వాణ్ని ఎవరో లేపేశారు.

మట్టి తొట్టిలోని చిట్టి తండ్రీ, నిన్ను కన్న కల ఏది?

వంగదేశపు జలంగీ నదీతీరాన, కృష్ణానగరపు ఘూర్ణి వాడలో, 1851లో లండన్ మహాప్రదర్శనకు బొమ్మలంపిన మృత్కళాకారుల గడ్డ మీద, దుర్గను దిద్దిన వేళ్లే మరియమ్మనూ మలిచాయి. నేనెరిగిన ఒక మరియమ్మకు మేలిముసుగు కింద వంగవధువు విశాల నేత్రాలుండేవి. ఆమె పక్కనున్న గొల్లవాడి భుజాన గంగాతీరపు గమ్ఛా తువ్వాలు ఉండేది. ఇక కుమార్‌టులి అనే కలకత్తా విగ్రహకారుల వాడ సందుల్లో ప్రతిమకు ఎముకలు ఎండుగడ్డే కదా! గడ్డికట్ట మీద బంకమట్టి, బంకమట్టి మీద మెత్తని గంగమట్టి, ఆపైన చిట్టచివర చూపు. అమ్మవారి లోపల అస్థియై దాగిన ఆ గడ్డే నీ కింద పాన్పై పరుచుకుంది తండ్రీ. ఒకే వరిచేను ఇద్దరినీ మోసింది. అచ్చులో పోసిన ఈ బొమ్మలో గడ్డి లేదు, గంగ లేదు, తడి ఆరని బొటనవేలి ముద్ర లేదు.

కలకత్తా ఆంగ్లో ఇండియన్ల బో బారక్స్ ఎర్రగోడల మధ్య ఏటేటా నిన్ను పాత వార్తాపత్రికల పొరల్లోంచి పసికందులా పైకి తీసిన ముసలి చేతులు ఎన్ని ముడుచుకున్నాయో, ఎన్ని కుటుంబాలు ఆస్ట్రేలియాకూ ఇంగ్లండుకూ కడలి దాటిపోయాయో! మా తెలుగిళ్లలో సంక్రాంతి బొమ్మల కొలువు పెట్టె తెరిచినప్పుడూ ఇదే వాసన: పాత చీర, పాత రంగు, అమ్మమ్మ. చెవి విరిగిన గొర్రెపిల్లను గోడకు చేర్చి, విరిగిన వైపు కనిపించకుండా నిలబెట్టే ఆ మమకారం ఏ దుకాణంలో దొరుకుతుంది? దేవుడు పగిలిపోగల దేహాన్ని తొడుక్కున్నాడన్నదే కదా నీ కథ! పగలని బొమ్మలో ఆ కథ ఎలా ఇముడుతుంది, ఎవరికి వినపడుతుంది?

మట్టి తొట్టిలోని చిట్టి తండ్రీ, నిన్ను మళ్లీ మలిచే వేళ్లేవి?

ఇది చదివినవారు ఎప్పుడైనా కలకత్తా వెళితే, సియాల్దాలో కృష్ణానగర్ లోకల్ ఎక్కండి. దూరం సుమారు 100 కిలోమీటర్లు. ఘూర్ణిలో ఆ చేతులు ఇంకా మట్టి పిసుకుతున్నాయి. ఒక్క గొర్రెపిల్లనైనా కొనండి.