పన్ను పోటీ సిద్ధాంతం – యానాం సాక్ష్యం: ఒక విమర్శనాత్మక పరిశీలన

పొరుగు ప్రభుత్వాల మధ్య పన్ను పోటీని వివరించే నమూనాలలో రవి కన్బుర్, మైకేల్ కీన్ 1993లో ప్రతిపాదించినది ప్రసిద్ధం. చిన్న దేశం పన్ను తగ్గిస్తే సొంత ప్రజల నుండి కోల్పోయేది స్వల్పం, సరిహద్దు దాటి వచ్చే కొనుగోలుదారుల వల్ల పొందేది అధికం. ఇరు రేట్లకు నడుమ ఏకరేటు విధిస్తే చిన్న దేశం నష్టపోతుందనీ, కనీస రేటు నిర్ణయిస్తే ఇరుపక్షాలకూ మేలు కలుగుతుందనీ వారు నిరూపించారు. ఇది వస్తు పన్నుల నమూనాయే అయినా, కంపెనీ పన్నుల చర్చలోనూ ఇదే తరహా తర్కం వినిపిస్తుంది.

గౌతమీ తీరంలోని యానాం ఈ నమూనాకు చక్కని ఉదాహరణగా తోస్తుంది. 2011 జనగణన ప్రకారం యానాం జనాభా 55,626 కాగా, దానిని చుట్టుముట్టిన నాటి తూర్పు గోదావరి జిల్లా జనాభా 51 లక్షలకు పైమాటే. 1941లో కుదిరిన కస్టమ్స్ ఒప్పందం ఫ్రెంచి స్థావరాలను బ్రిటిష్ ఇండియా సుంకాల వ్యవస్థతో కలిపింది. 1949లో అది రద్దు కాగానే సరిహద్దు మళ్లీ సుంకపు గోడ అయింది. 1954లో యానాం భారతదేశంలో కలిసిన తరువాతా వ్యత్యాసం మరో రూపంలో కొనసాగింది. ఆదాయపు పన్ను చట్టం ఎనిమిదవ షెడ్యూలు పారిశ్రామికంగా వెనుకబడిన ప్రాంతాలలో పుదుచ్చేరిని చేర్చింది, ఆంధ్రప్రదేశ్‌ను చేర్చలేదు. సెక్షన్ 80-ఐబి కింద ఆ షెడ్యూలు ప్రాంతాలలో నిర్ణీత గడువులోగా ఉత్పత్తి ప్రారంభించిన అర్హ పరిశ్రమలకు తొలి 5 సంవత్సరాలు లాభాలపై నూరు శాతం మినహాయింపు లభించింది. ఒకే డెల్టాలో, ఒకే నది ఒడ్డున, కంపెనీ పన్ను విషయంలో రెండు న్యాయాలు ఏర్పడ్డాయి.

అయితే నమూనాకు మూలమైన ఊహ ఇక్కడ నిలవదు. రేటు నిర్ణయించేదీ, రాబడి పొందేదీ, పర్యవసానం భరించేదీ ఒకే ప్రభుత్వమని అది భావిస్తుంది. యానాంలో ఈ మూడూ వేరువేరు. కస్టమ్స్ ఒప్పందం వలస పాలకులది, 80-ఐబి పార్లమెంటుది, అమ్మకపు పన్ను పుదుచ్చేరి శాసనసభది. ఎన్నికయ్యే 30 స్థానాలున్న ఆ సభలో యానాంకు దక్కింది ఒక్కటే. కాబట్టి యానాంను పోటీదారు అనడం కన్నా, ఇతరుల పోటీకి వేదిక అనడమే సమంజసం.

ఏకీకరణ చర్చలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. 2017 జులై 1న అమలులోకి వచ్చిన జీఎస్టీ అధిక శాతం వస్తువులపై రేట్ల తేడాను తొలగించింది. పెట్రోలు, డీజిలు, మద్యం మాత్రం దాని వెలుపలే ఉండిపోయాయి. రాబడి తగ్గిన ప్రభుత్వాలకు ఏటా 14 శాతం వృద్ధి లెక్కన ఐదేళ్లు పరిహారం హామీ లభించింది. ఆ పరిహారానికి యూనిట్ రాష్ట్రమో, శాసనసభ గల కేంద్రపాలిత ప్రాంతమో; సరిహద్దు పట్టణం కాదు. రేట్ల తేడా మీద బతికిన వర్తకుడూ, కూలీ ఆ లెక్కలో ఎక్కడా కనబడరు.

2021లో 130కి పైగా దేశాలు అంగీకరించిన 15 శాతం కనీస కంపెనీ పన్నును సైతం ఈ దృష్టితో పరీక్షించాలి. కనీస రేటు అవసరమే. పెట్రోలియం పన్నులకూ అది వర్తింపజేయదగినదే. కానీ రేట్లు సమానమైనంత మాత్రాన న్యాయం సమకూరదు. నిర్ణయంలో ఎవరికి భాగం ఉంది, పరిహారం ఎవరి వరకు చేరింది అన్న ప్రశ్నలు వేయని ఏకీకరణ, ఖజానాల మధ్య సర్దుబాటుగానే మిగిలిపోతుంది.