‘నీరు పట్టుట’: ఒక పాత మాట విమర్శ

అరకు కొండలలో గాని, దిగువ మైదానంలో గాని పాదాలు ఉబ్బిన మనిషిని చూచి ‘ఒంటికి నీరు పట్టింది’ అంటారు. ఆంగ్ల వైద్యులు పూర్వం దీనినే ‘డ్రాప్సీ’ అనేవారు. గ్రీకు భాషలో ‘హైడోర్’ అంటే నీరు. దాని నుండి పుట్టిన ‘హైడ్రాప్స్’ అనే మాట అరిగి అరిగి డ్రాప్సీ అయినది. ఈనాటి వైద్యులు దీనిని ‘ఎడీమా’ అంటున్నారు.

డ్రాప్సీని మనవారు కొందరు ‘జలోదరం’ అని అనువదిస్తారు. ఇది పొరపాటు. ఆయుర్వేదం చెప్పిన ఎనిమిది ఉదరరోగాలలో జలోదరం ఒకటి. అది కడుపులో చేరిన నీటికే చెల్లుతుంది. ఒంటి వాపుకు అక్కడ శోథ, శ్వయథువు అనే వేరే పేర్లున్నవి. ఈ పండితపదం కంటె మన వాడుకమాటయే అసలు అర్థానికి దగ్గర.

అయితే వాడుకమాటలోనూ ఒక లోపమున్నది. అది లక్షణాన్ని చెప్పి, కారణం చెప్పినట్లు భ్రమ కలిగిస్తుంది. 1785లో విథరింగ్ అనే ఆంగ్ల వైద్యుడు డిజిటాలిస్ ఆకు మందుతో కొందరి వాపు తీస్తుందనీ, కొందరికి పనిచేయదనీ వ్రాసినాడు. 1827లో రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు కొందరు రోగుల మూత్రాన్ని కాచగా అది గడ్డకట్టుట చూచి, దోషం మూత్రపిండాలలో ఉన్నదని చూపినాడు. ఇట్లు ఒక్క పేరు కింద గుండె, మూత్రపిండాలు, కాలేయం—పలు అవయవాల జబ్బులు బయటపడినవి.

తిండి లోపం మరొక కారణం. దీనికి మన ప్రాంతమే సాక్ష్యం. ఉత్తర సర్కారులలో ప్రబలిన బెరిబెరిని గురించి మాల్కమ్సన్ అనే సైనిక వైద్యుడు 1835లో మద్రాసులో గ్రంథం ప్రకటించినాడు. ఈ జబ్బులో ఒక రకానికి ఒళ్లంతా వాస్తుంది. బాగా మరపట్టిన పచ్చిబియ్యం తవుడుతో పాటు బి1 విటమినును పోగొట్టుకొనుటయే దీనికి మూలమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఉప్పుడుబియ్యంలో ఆ విటమిను గింజలోనికి ఇంకి, చాలవరకు నిలుస్తుంది. కొండవారి పాత తిండియైన సామలు, చోళ్లు, దంపుడుబియ్యంలో తవుడు పూర్తిగా పోదు.

ఈ చర్చ కేవలం మాటల కోసం కాదు. గర్భిణి పాదాలు కొద్దిగా వాచుట సాధారణమే. కాని ముఖం, చేతులు అకస్మాత్తుగా వాచి, తలనొప్పి వచ్చి, చూపు మసకబారితే అది రక్తపు పోటు పెరిగిన గుర్తు కావచ్చును. ఆమెకు ఆనాడే రక్తపు పోటు, మూత్రం పరీక్షింపవలెను. దారిలేని గూడెం నుండి డోలీలో దిగవలసిన చోట, ‘నీరేలే, అదే తీస్తుంది’ అని ఒక రాత్రి ఊరుకొన్నా తల్లీబిడ్డల ప్రాణాలకు ముప్పు.

కనుక ఈ మాటను విడువనక్కరలేదు. ‘నీరు పట్టింది’ అని విన్నపుడు ‘ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఎందువల్ల?’ అని వెంటనే అడుగుట మనం అలవరచుకోవలెను.