47 కీల సంసారం

ప్లాంక్‌ను మొదటిసారి చూసినవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: మిగతా కీలేవీ? ఆఫీసు బల్ల మీది మామూలు కీబోర్డులో 104 కీలుంటాయి. జాక్ హంబర్ట్ రూపొందించిన ఈ బుల్లి మెకానికల్ కీబోర్డులో ఉన్నవి 47. స్పేస్‌బార్‌ను రెండు చిన్న కీలుగా విడగొట్టుకుంటే 48. అంకెల వరుస లేదు, ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఒక్కటీ లేదు, బ్రాకెట్లు లేవు. పొడవు ఓ 23 సెంటీమీటర్లు.

కీబోర్డును కుదించాలన్న ఆలోచన పాతదే. జపాన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఎయీతి వాదా చొరవతో పీఎఫ్‌యూ సంస్థ 1996లోనే 60 కీలతో హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు తెచ్చింది. అందులో బాణాలు ఎఫ్ఎన్ కీ చాటుకు వెళ్లాయి గానీ అంకెల వరుస జోలికి పోలేదు. ప్లాంక్ ఆ గీత కూడా దాటింది. అయినా కీల దగ్గర పిసినారితనం చూపలేదు. కీకీ కీకీ మధ్య దూరం పెద్ద కీబోర్డుల్లో ఉండే 19.05 మిల్లీమీటర్లే. వేళ్లు ఇరుక్కోవు.

నాకు బాగా నచ్చింది వరుసల అమరిక. టైప్‌రైటర్‌లో ప్రతి కీ కిందా ఒక కడ్డీ ఉండేది. కడ్డీలు ఒకదానికొకటి తగలకూడదని వరుసలను కాస్త పక్కకు జరిపారు. కడ్డీలు ఎప్పుడో పోయాయి, ఆ వంకర మాత్రం నేటి ల్యాప్‌టాప్‌లలో కూడా ఉంది. ప్లాంక్‌లో 4 అడ్డు వరుసలు, 12 నిలువు వరుసలు, అన్నీ తిన్నగా. వేలు నేరుగా పైకి వెళ్తుంది, నేరుగా కిందికి దిగుతుంది. స్పేస్‌బార్ తప్ప కీలన్నీ ఒకే సైజు కాబట్టి, అన్ని వరుసల్లో ఒకే ఎత్తుండే కీక్యాప్‌లు వేసుకుంటే ఏ కీని ఎక్కడికైనా మార్చుకోవచ్చు. లోపలి వైరింగ్ కూడా ముచ్చటగా ఉంటుంది. తొలి మోడళ్లలో 4 ప్లస్ 12, మొత్తం 16 లైన్లతోనే చిప్ కీలన్నిటినీ కనిపెట్టుకుని ఉంటుంది. మూడు నాలుగు కీలు కలిపి నొక్కితే నొక్కని అక్షరం పడకుండా ప్రతి కీకీ ఒక డయోడ్ కాపలా. ఒక్క లోటు చెప్పాలి: రెండు చేతులూ మరీ దగ్గరికొస్తాయి. భుజాలు వెడల్పున్నవాళ్లకు మణికట్లు బయటికి వంగి, సాయంత్రానికి నొప్పెడతాయి.

లేని కీలు నిజానికి పోలేదు, పొరల్లోకి వెళ్లాయి. స్పేస్‌బార్‌కు ఎడమ పక్క లోయర్ అనే కీ, కుడి పక్క రెయిజ్ అనే కీ ఆ పొరలను తెరుస్తాయి. రెయిజ్ పట్టుకుని క్యూ నొక్కితే 1, పి నొక్కితే సున్నా. లోయర్‌తో క్యూ ఆశ్చర్యార్థకం. ఇన్నాళ్లూ స్పేస్ కొట్టడం తప్ప పని లేని బొటనవేళ్లకు ఉద్యోగం దొరికింది, మిగతా వేళ్లు ఉన్నచోటు నుంచి కదలక్కర్లేదు. మామూలు రాతకు ఇది హాయి. కానీ బ్రౌజర్లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్5 కలిపి నొక్కాలంటే కంట్రోల్, షిఫ్ట్, రెయిజ్, జి, నాలుగూ ఒకేసారి పట్టాలి. రోజంతా బిల్లులు ఎక్కించే అకౌంటెంటుకు దీన్ని బహుమతిగా ఇస్తే స్నేహం చెడుతుంది.

తెలుగు రాసేవాళ్ల సంగతి వేరు. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునేవారికి బాధ లేదు, ఏ నుంచి జెడ్ దాకా కళ్లెదుటే ఉన్నాయి. కీల మీద నేరుగా తెలుగు అక్షరాలే ఉండే ఇన్‌స్క్రిప్ట్ అమరికలో కొట్టేవారికే చిక్కు. ఇన్‌స్క్రిప్ట్‌లో పి కీ మీద జ, దాని కుడి పక్కన ఎడమ బ్రాకెట్ మీద డ. ప్లాంక్‌లో ఆ చోట ఉన్నది బ్యాక్‌స్పేస్! చేతివాటం కొద్దీ ‘వాడు’ కొట్టబోతే, డ పడాల్సిన చోట ముందున్న దీర్ఘం చెరిగిపోయి ‘వు’ మిగులుతుంది. ఇక్కడ, అక్కడ, ఎప్పుడు, చూడు, రాయడం... డ లేకుండా తెలుగులో నాలుగు వాక్యాలు నడవవు. ప్లాంక్‌తో వచ్చే అమరికలో డ కావాలంటే రెయిజ్ పట్టుకుని ఎల్ నొక్కాలి. ఎల్ మీద ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నది త. బొటనవేలు అర క్షణం ఆలస్యమైతే ‘వాడు’ కాస్తా ‘వాతు’. లోయర్‌తో ఎల్ నొక్కితే ఢ వస్తుంది గానీ, దాని అవసరం ఏ ఢిల్లీ వార్తకో తప్ప రాదు.

అయితే కీబోర్డును నడిపే క్యూఎంకే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం. అమరిక నచ్చకపోతే మార్చి మళ్లీ చిప్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఒకే కీకి రెండు పనులూ అప్పజెప్పవచ్చు: తట్టి వదిలితే అక్షరం, పట్టి ఉంచితే షిఫ్ట్. రెండింటికీ మధ్య హద్దు మామూలుగా 200 మిల్లీసెకన్లు. వేగంగా రాసే చేతులకు ఆ హద్దు కుదిరేదాకా తప్పులు దొర్లుతూనే ఉంటాయి, అందుకే ఇది అందరికీ పడదు. డ కోసం అంత దూరం పోనక్కర్లేదు. 47 బదులు 48 కీల అమరిక తీసుకుని, రెండు స్పేస్‌లలో కుడిదాన్ని బ్యాక్‌స్పేస్ చేస్తే, పైన జ పక్కన చోటు ఖాళీ అవుతుంది. అక్కడ డను కూర్చోబెట్టవచ్చు. ఆ 48వ కీకి ఇంతకంటే మంచి పని నాకు తోచలేదు.